యూనియన్, ఫెడరేషన్: రెండు మాటలలోని భేదం

మన పౌరశాస్త్ర గ్రంథాలలో విద్యార్థి రెండు వాక్యాలను తరచు చదువుతూ ఉంటాడు. "భారతదేశం రాష్ట్రాల సమాఖ్య" అనేది ఒకటి. "మన రాజ్యాంగం సమాఖ్య వ్యవస్థను ఏర్పరచినది" అనేది రెండవది. రెండింటిలోను 'సమాఖ్య' అనే మాటే ఉండడంవల్ల ఆ రెండు వాక్యాలూ ఒకే సంగతిని చెబుతున్నవని అతడు అనుకోవడం సహజం. కాని ఇంగ్లీషు మూలాన్ని చూసినట్లయితే మొదటి వాక్యంలోని మాట యూనియన్. రెండవ వాక్యంలోనిది ఫెడరేషన్. మన రాజ్యాంగ నిర్మాతలు దేశానికి పేరు పెట్టేటప్పుడు మొదటి మాటను కావాలనే ఎన్నుకొన్నారు. రెండవ మాటను కావాలనే విడిచిపెట్టారు. వారు తెలిసి చూపిన భేదం మన అనువాదంలో మాయమైనది.

ఈ భేదం కేవలం నిఘంటువుకు సంబంధించినది కాదు. ఒక రాష్ట్రం దేశం నుండి విడిపోవచ్చునా? పార్లమెంటు ఒక రాష్ట్రాన్ని రెండుగా విభజింపవచ్చునా? రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి లోబడిన ఒక కార్యాలయమా, లేక తన పరిధిలో తానే అధికారం గల ప్రభుత్వమా? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఆ రెండు మాటల మధ్యనే ఉన్నవి. అందుచేత వాటిని వేరు వేరుగా పరిశీలించడం అవసరం.

మాటల పుట్టుక

ఫెడరేషన్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి 'ఒడంబడిక' అని అర్థం. వేరు వేరుగా ఉన్నవారు కొన్ని షరతులపై కలిసి ఉండడానికి చేసుకొనే ఒప్పందం ఆ మాటలో ధ్వనిస్తుంది. యూనియన్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి 'ఒకటి' అని అర్థం. ఎవరు ఎవరితో ఒప్పందం చేసుకొన్నారనే ప్రశ్న ఇందులో లేదు. ఒకటిగా ఉండడమే ఇందులోని భావం.

ఈ భేదానికి తెలుగునాట చక్కని ఉదాహరణ ఉన్నది. మన పల్లెలలో పదిమంది మహిళలు చేరి ఒక స్వయం సహాయక సంఘాన్ని ఏర్పరచుకొంటారు. ఊరిలోని సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య అవుతవి. గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్య అవుతవి. ఇక్కడ సంఘం ముందు పుట్టినది, సమాఖ్య తరువాత పుట్టినది. సంఘాలు కలిసినందువల్లనే సమాఖ్య ఏర్పడినది. ఫెడరేషన్ అనే మాటకు ఇదే అసలైన రూపం. ఇప్పుడు మనం అడుగవలసిన ప్రశ్న ఇది: భారతదేశం ఈ విధంగానే ఏర్పడినదా? ముందు రాష్ట్రాలు ఉండి, అవి ఒప్పందం చేసుకొన్నందువల్ల దేశం పుట్టినదా?

పేరు స్థిరపడిన వైనం

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఫెడరేషన్ అనే మాటనే వాడినది. బ్రిటిష్ ప్రావిన్సులు, దేశీయ సంస్థానాలు కలిసి 'ఫెడరేషన్ ఆఫ్ ఇండియా'గా ఏర్పడాలని ఆ చట్టం తలపెట్టినది. కాని ఆవశ్యకమైన సంఖ్యలో సంస్థానాలు చేరకపోవడంవల్ల ఆ ఫెడరేషన్ కాగితం మీదనే నిలిచిపోయినది. ప్రావిన్సుల స్వపరిపాలనకు సంబంధించిన భాగం మాత్రం 1937 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది.

1946 మే 16న బ్రిటిష్ కేబినెట్ మిషన్ ప్రకటించిన ప్రణాళికలో యూనియన్ అనే మాట కనిపిస్తుంది. అయితే ఆ యూనియన్ చేతిలో రక్షణ, విదేశ వ్యవహారాలు, రాకపోకలు అనే మూడు విషయాలు మాత్రమే ఉండవలెనని, మిగిలిన అధికారాలు ప్రావిన్సులకు చెందవలెనని ప్రణాళిక చెప్పినది. దేశం విడిపోకుండ చూడాలనే ఆశతో అల్లిన సడలిన ముడి అది. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ సభలో జవహర్లాల్ నెహ్రూ ప్రతిపాదించిన ఆశయాల తీర్మానంలో కూడ స్వయంప్రతిపత్తి గల విభాగాలు, వాటి చేతిలోనే అవశిష్టాధికారాలు అనే భావం ఉండినది. 1947 జనవరి 22న సభ ఆ తీర్మానాన్ని ఆమోదించినది.

1947 జూన్ 3న దేశ విభజన ప్రకటన వెలువడినది. దానితో పరిస్థితి పూర్తిగా మారిపోయినది. విభజనను నివారించడానికై కేంద్రాన్ని బలహీనంగా ఉంచవలసిన అగత్యం తొలగిపోయినది; మిగిలిన దేశాన్ని నిలబెట్టుకోవలసిన బాధ్యత ముందుకు వచ్చినది. కేంద్రాధికారాలను నిర్ణయించడానికి నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘం బలమైన కేంద్రంతో కూడిన ఫెడరేషన్ కావలెనని ఆ ఏడాదే సిఫారసు చేసినది. అవశిష్టాధికారాలు రాష్ట్రాల నుండి కేంద్రానికి మారినవి.

1948 ఫిబ్రవరిలో డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ అధ్యక్షతన గల ముసాయిదా సంఘం సమర్పించిన ప్రతిలో ఇండియా రాష్ట్రాల యూనియన్‌గా ఉండునని వ్రాయబడినది. ఫెడరేషన్ అనకుండ యూనియన్ అని ఎందుకు అన్నారని విమర్శ వచ్చినది. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందుంచుతూ అంబేడ్కర్ దీనికి సమాధానం చెప్పారు. ఇండియా ఫెడరేషనే అయినప్పటికీ, అది రాష్ట్రాలు తమలో తాము చేసుకొన్న ఒప్పందంవల్ల ఏర్పడినది కాదని ఆయన వివరించారు. ఒప్పందం వల్ల ఏర్పడలేదు గనుక దాని నుండి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని కూడ స్పష్టం చేశారు. అమెరికాలో రాష్ట్రాలకు విడిపోయే హక్కు లేదని స్థిరపరచడానికి అంతర్యుద్ధమే చేయవలసివచ్చినదని గుర్తుచేసి, అటువంటి సందేహానికి తావులేకుండ మొదటనే తేల్చి చెప్పడం మేలని ముసాయిదా సంఘం తలచినదని తెలిపారు.

అదే నెల 15న ప్రొఫెసర్ కె. టి. షా ఒక సవరణ ప్రతిపాదించారు. లౌకిక, ఫెడరల్, సోషలిస్టు అనే మూడు విశేషణాలను యూనియన్ అనే మాటకు ముందు చేర్చవలెనని ఆయన కోరారు. సభ దానిని అంగీకరించలేదు. ఇండియా అనగా భారత్, రాష్ట్రాల యూనియన్‌గా ఉండునని చెప్పే మొదటి అధికరణం 1949 సెప్టెంబరు 18న తుది రూపంలో ఆమోదం పొందినది.

అంబేడ్కర్ చెప్పిన మాటకు ఒక వివరణ చేర్చవలసి ఉన్నది. బ్రిటిష్ ప్రావిన్సులకు ఎన్నడూ స్వతంత్రాధికారం లేదు. అవి పరిపాలన సౌకర్యానికై పైనుండి ఏర్పరచిన విభాగాలు. కాని 560కి పైగా ఉన్న సంస్థానాల సంగతి వేరు. వాటిలో అత్యధికం చేరిక పత్రాలపై సంతకాలు చేసి, మొదట మూడు విషయాలను మాత్రమే కేంద్రానికి ఒప్పగించి, ఇండియాలో చేరినవి. కనుక ఒప్పందం అనే అంశం మన చరిత్రలో బొత్తిగా లేదనడానికి వీలులేదు. అయితే తరువాతి రెండు సంవత్సరాలలో ఆ సంస్థానాలు పొరుగు ప్రావిన్సులలో విలీనమైనవి లేదా కొత్త సముదాయాలుగా ఏర్పడినవి. రాజ్యాంగం అమలులోనికి వచ్చిన తరువాత అధికారానికి మూలం ఆ పత్రాలు కావు. రాజ్యాంగ పీఠిక భారత ప్రజల పేరుతో ఆరంభమవుతుంది గాని రాష్ట్రాల పేరుతో కాదు.

యూనియన్ అనే మాట ఆచరణలో

రాజ్యాంగంలోని మొదటి నాలుగు అధికరణాలు యూనియన్ అనే మాటకు ఆచరణ రూపం ఇచ్చినవి. కొత్త రాష్ట్రాలను ఏర్పరచడానికి, ఉన్న రాష్ట్రాన్ని విభజించడానికి, ఎల్లలను, పేర్లను మార్చడానికి మూడవ అధికరణం పార్లమెంటుకు అధికారమిచ్చినది. బిల్లును రాష్ట్రపతి సిఫారసుపై ప్రవేశపెట్టవలెను. అంతకుముందు సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయాన్ని కోరవలెను. కాని ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండనవసరం లేదని 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మామూలు మెజారిటీతోనే ఇటువంటి చట్టం చేయవచ్చును. దానిని రాజ్యాంగ సవరణగా భావింపరాదని నాలుగవ అధికరణం చెబుతున్నది.

అమెరికాతో పోల్చి చూసినప్పుడు ఈ భేదం బాగా తెలుస్తుంది. అక్కడ ఒక రాష్ట్రాన్ని చీల్చవలెనంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. అక్కడి యూనియన్ నాశనం లేనిది, రాష్ట్రాలు కూడ నాశనం లేనివని 1869లో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రకటించినది. మన దేశంలో నాశనం లేనిది యూనియన్ మాత్రమే. రాష్ట్రాల రూపురేఖలు మారవచ్చును.

తెలుగువారికి ఈ సంగతి గ్రంథాలు చదివి తెలుసుకోవలసినది కాదు. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర రాష్ట్రం వేరుపడినది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం లేకుండా పోయి, అందులోని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోను, మరాఠీ జిల్లాలు బొంబాయిలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను చేరినవి. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించినది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించినది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించినది. మూడవ అధికరణం ఒక ప్రాంతం వారికి చిరకాల వాంఛను నెరవేర్చిన సాధనంగాను, మరొక ప్రాంతం వారికి తమ సభ మాటను పెడచెవిని పెట్టిన అధికారంగాను తోచినది. ఈ రెండు అనుభవాలూ సత్యమే. అయినప్పటికీ ఒక సంగతి గమనింపదగినది. ఆ వివాదం దేశంలో ఉండాలా వద్దా అన్నది కాదు. దేశంలో ఏ రాష్ట్రంగా ఉండాలన్నది.

ఈ అధికారానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న ఇంకను పూర్తిగా తేలలేదు. 2019లో జమ్మూ కాశ్మీర్ రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారినది. 2023 డిసెంబరులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు లడఖ్‌ను కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పరచడాన్ని సమర్థించినది. కాని ఒక రాష్ట్రాన్ని పూర్తిగా కేంద్రపాలిత ప్రాంతంగా మార్చవచ్చునా అనే ప్రశ్నను, రాష్ట్ర హోదాను పునరుద్ధరిస్తామన్న ప్రభుత్వ హామీని పరిగణించి, తేల్చకుండ విడిచిపెట్టినది.

యూనియన్ అంటే ఒకే ప్రభుత్వం కాదు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి యూనియన్ అంటే రాష్ట్రాలు కేంద్రం చేతి కీలుబొమ్మలని ఎవరైనా అనుకొన్నట్లయితే అది మరొక పొరపాటు. ఫెడరేషన్ అనే పేరును విడిచిపెట్టిన రాజ్యాంగ సభయే ఫెడరేషన్ లక్షణాలను రాజ్యాంగంలో స్థిరంగా నెలకొల్పినది. ఏడవ షెడ్యూలు అధికారాలను మూడు జాబితాలుగా పంచినది. రాజ్యాంగం అమలులోనికి వచ్చిన నాడు యూనియన్ జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండినవి. ఈ జాబితాలను మార్చవలెనంటే పార్లమెంటు నిర్ణయం ఒక్కటే చాలదు. రాష్ట్రాలలో కనీసం సగం శాసనసభలు కూడ ఆమోదింపవలెనని 368వ అధికరణం విధించినది.

1949 నవంబరు 25న చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో అంబేడ్కర్ ఈ విషయాన్నే నొక్కి చెప్పారు. శాసనాధికారమూ కార్యనిర్వహణాధికారమూ కేంద్రం చేసిన చట్టం వల్ల గాక రాజ్యాంగం వల్లనే పంపిణీ కావడం ఫెడరల్ పద్ధతికి మూలసూత్రమని, అందుచేత మన రాష్ట్రాలు తమ అధికారానికి కేంద్రంపై ఆధారపడి లేవని ఆయన అన్నారు. యూనియన్ అనే మాటను సమర్థించిన వ్యక్తియే ఈ మాట కూడ చెప్పారని విద్యార్థి మరువరాదు.

ఈ రెండు భావాల మధ్య సమతూకం ఎక్కడ ఉండవలెనన్న విషయంలో న్యాయమూర్తులకు సైతం అభిప్రాయభేదాలు వచ్చినవి. రాష్ట్రానికి చెందిన బొగ్గు భూములను కేంద్రం స్వాధీనం చేసుకోవచ్చునా అన్న వివాదంలో, మన రాష్ట్రాలకు సార్వభౌమాధికారం లేదని పేర్కొంటూ, 1962లో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ వాదాన్ని త్రోసిపుచ్చినది. ఆ ధర్మాసనంలోని తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం దానితో ఏకీభవించలేదు. రాజ్యాంగం పంచి ఇచ్చిన పరిధిలో రాష్ట్రాల అధికారాన్ని గౌరవింపవలెనన్న దృష్టితో ఆయన భిన్నాభిప్రాయం ప్రకటించారు. తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఫెడరల్ స్వభావం రాజ్యాంగపు మౌలిక లక్షణాలలో ఒకటని స్పష్టంగా చెప్పినది. మౌలిక లక్షణం గనుక దానిని రాజ్యాంగ సవరణతో కూడ తుడిచివేయడానికి వీలులేదు.

పేరు ఒక్కటే చాలదు

ఇతర దేశాల చరిత్ర కూడ ఈ మాటలను జాగ్రత్తగా వాడవలెనని నేర్పుతున్నది. 1910లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా పేరుకు యూనియన్, ఆచరణలో ఏక కేంద్ర రాజ్యం. అక్కడి ప్రావిన్సులకు మన రాష్ట్రాలకున్న పాటి రాజ్యాంగరక్షణ లేదు. సోవియట్ యూనియన్ ఇందుకు భిన్నం. 1977 నాటి దాని రాజ్యాంగం రిపబ్లిక్కులకు విడిపోయే హక్కును అక్షరాలా ఇచ్చినది. 1991 డిసెంబరులో ఆ దేశమే అంతరించినది. యూనియన్ అనే ఒకే పేరుకు ఒకచోట ఏక కేంద్రాధిపత్యమని, మరొకచోట విడిపోవడానికి వీలున్న కలయిక అని అర్థం వచ్చినది.

మన ఇరుగుపొరుగును చూసినా ఇదే తెలుస్తుంది. శ్రీలంక 1978 రాజ్యాంగం ఆ దేశాన్ని ఏక కేంద్ర రాజ్యమని పేర్కొన్నది. నేపాల్ 2015లో ఫెడరల్ పద్ధతిని స్వీకరించినది. ప్రతి దేశమూ తన చరిత్రను బట్టి మాటను ఎన్నుకొన్నది. కనుక యూనియన్ అనే మాటకు మన దేశంలో ఏమి అర్థమో తెలుసుకోవడానికి మన రాజ్యాంగ సభ చర్చలను, మన అధికరణాలను చూడవలెను గాని ఇతర దేశాల పేర్లను కాదు.

తెలుగులో వచ్చిన చిక్కు

రాజ్యాంగంలో యూనియన్ అనే మాట రెండు అర్థాలలో కనిపిస్తుంది. రాష్ట్రాలన్నీ కలిసిన సమగ్ర దేశం ఒక అర్థం. మొదటి అధికరణంలోనిది ఇదే. రాష్ట్ర ప్రభుత్వాలకు వేరుగా, దేశమంతటికీ చెందిన ప్రభుత్వం రెండవ అర్థం. యూనియన్ జాబితా అన్నప్పటిది ఇది. తెలుగులో మొదటి అర్థానికి సమాఖ్య అన్నాము. రెండవ అర్థానికి కేంద్రం అన్నాము. యూనియన్ కేబినెట్ కేంద్ర మంత్రివర్గమైనది. యూనియన్ టెరిటరీ కేంద్రపాలిత ప్రాంతమైనది. ఈ విధంగా ఒకే ఇంగ్లీషు మాట తెలుగులో రెండుగా చీలినది. రెండు ఇంగ్లీషు మాటలు సమాఖ్య అనే ఒకే తెలుగు మాటలో కలిసిపోయినవి.

ఇందువల్ల కలిగే నష్టం స్వల్పమైనది కాదు. కేంద్రం అన్నప్పుడు ఒక వృత్తం, దాని నడుమ ఒక బిందువు, అంచులలో రాష్ట్రాలు అనే చిత్రం మనసులో ఏర్పడుతుంది. యూనియన్ అన్నప్పుడు ఆ చిత్రం రాదు. మనమందరం అందులో ఉన్నామనే భావం వస్తుంది. ఈ భేదాన్ని గమనించే 2021లో తమిళనాడు ప్రభుత్వం తన వ్యవహారాలలో కేంద్ర ప్రభుత్వం అనే అర్థమిచ్చే తమిళ పదానికి బదులు యూనియన్ ప్రభుత్వం అనే అర్థమిచ్చే పదాన్ని వాడసాగినది. దానిపై వాదోపవాదాలు జరిగినవి. మాట మార్పు వెనుక రాజకీయ దృష్టి ఏదైనప్పటికీ, రాజ్యాంగపు మొదటి అధికరణంలోని మాట యూనియన్ అన్నది నిజం.

భాషల మధ్య ఇటువంటి చిక్కు మనకు కొత్త కాదు. తెలుగులో రాష్ట్రం అంటే దేశంలోని ఒక భాగం. హిందీలో రాష్ట్ర అంటే జాతి, దేశం. అందుచేతనే రాష్ట్రపతి అనే మాట విన్న తెలుగు బాలుడు ఆయన ఏ రాష్ట్రానికి పతి అని అడుగుతాడు. ఒక భాషలోని మాటను మరొక భాషవారు ఏ అర్థంలో వింటున్నారో తెలుసుకోవడం కూడ జాతీయ సమైక్యతలో ఒక భాగమే.

ముగింపు

ఈ పాఠాన్ని విద్యార్థి రెండు ప్రశ్నలుగా జ్ఞాపకం ఉంచుకోవచ్చును. ఈ దేశం విడిపోవచ్చునా అన్న ప్రశ్నకు యూనియన్ అనే మాట సమాధానం: విడిపోరాదు. ఈ దేశంలో అధికారం ఎవరి చేతిలో ఎంత ఉన్నది అన్న ప్రశ్నకు ఫెడరేషన్ అనే మాట సమాధానం: రాజ్యాంగం పంచినంత. మొదటి సమాధానాన్ని రెండవ ప్రశ్నకు అతికించినవారు రాష్ట్రాలను ఢిల్లీకి అనుబంధ కార్యాలయాలుగా చూస్తారు. రెండవ సమాధానాన్ని మొదటి ప్రశ్నకు అతికించినవారు దేశాన్ని రద్దు చేసుకోదగిన ఒప్పందంగా చూస్తారు. ఇరువురూ రాజ్యాంగంలో సగాన్నే చదివినవారు.

సమాఖ్య అనే మాటను ఇప్పుడు వాడుక నుండి తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. అధికారాల పంపిణీని గురించి వ్రాసేటప్పుడు సమాఖ్య వ్యవస్థ అనడం సమంజసమే. మొదటి అధికరణాన్ని గురించి వ్రాసేటప్పుడు మాత్రం రాష్ట్రాల యూనియన్ అనడమో, విడదీయరాని కలయిక అని విశదం చేయడమో మేలు. ఉపాధ్యాయుడు ఈ ఒక్క మెలకువ పాటించినట్లయితే, 1948లో రాజ్యాంగ సభ వేసుకొన్న ప్రశ్న నేటి తరగతి గదిలో మళ్ళీ సజీవమవుతుంది. తన రాష్ట్రం ఎల్లలు మారినా, పేరు మారినా, తాను మాత్రం ఈ దేశపు పౌరుడుగానే ఉంటాడని విద్యార్థికి అప్పుడు అర్థమవుతుంది. తన రాష్ట్రం చేతిలో ఉన్న అధికారం ఎవరో దయతో ఇచ్చినది కాదని కూడ అతనికి అప్పుడే తెలుస్తుంది.